మాంటిసెల్లో కొండ – థామస్ జెఫర్సన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ ప్రాంతమునకు చెందిన వర్జీనియా రాష్ట్రమున, షార్లట్స్‌విల్ పట్టణమునకు సమీపమున, సుమారు 850 అడుగుల ఎత్తుగల కొండ యొకటి కలదు. దాని శిఖరముపై ఎఱ్ఱని ఇటుకలతో కట్టబడి, తెల్లని స్తంభములతోను గోపురముతోను శోభిల్లు భవనమే మాంటిసెల్లో. ఇటలీ భాషలో ఆ పేరునకు చిన్న కొండ యని అర్థము. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనమును రచించిన థామస్ జెఫర్సన్ తన జీవితమున నలువది ఏండ్లపాటు కట్టుచు, కూల్చుచు, మరల కట్టుచు తీర్చిదిద్దుకొన్న గృహమిది. 1938 నుండి అమెరికావారి అయిదు సెంట్ల నాణెముపై ఒక ప్రక్క అతని ముఖమును, రెండవ ప్రక్క ఈ గృహమును ముద్రించుచున్నారు. ఆ గృహము చుట్టును ఉండిన పొలములుగాని, పొలములలో పాటుపడిన మనుష్యులుగాని ఆ నాణెముపై కానరారు. జెఫర్సన్ చరిత్రను వారిని విడిచి చెప్పుట చిరకాలము ఆచారమై యుండెను. వారితో కలిపి చెప్పినప్పుడే అది సంపూర్ణమగును.

జెఫర్సన్ 1743వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన ఆ కొండకు చేరువనే యున్న షాడ్వెల్ అను తోటలో జన్మించెను. తండ్రి పీటర్ జెఫర్సన్ భూములు కొలిచి పటములు గీయు సర్వేయరు. తల్లి జేన్ రాండాల్ఫ్ వర్జీనియాలోని గొప్ప భూస్వాముల వంశమునకు చెందినది. 1757లో తండ్రి మరణించునప్పటికి బాలునకు పదునాలుగేండ్లు. యుక్తవయస్సు వచ్చినంతనే పొలములును, వాటితోపాటు బానిసలును అతని పాలికి వచ్చిరి. ఆ దేశపు చట్టమున పొలమెట్లో మనిషియు అట్లే ఆస్తి. బానిస స్త్రీకి పుట్టిన బిడ్డ, తండ్రి ఎవరైనను, ఆ తల్లి యజమానికే చెందును. ఒప్పంద కూలీలుగా ఓడలెక్కిన తెలుగు పూర్వుల కష్టములు తక్కువవి కావు గాని, వారి ఒప్పందమునకు ఒక గడువుండెను. బిడ్డ తల్లిదండ్రుల బిడ్డయే గాని దొర సొత్తు కాదు. మాంటిసెల్లోలో అట్టి గడువు లేదు.

విలియమ్స్‌బర్గ్ నగరమున విద్యనభ్యసించి, న్యాయశాస్త్రము చదివి, జెఫర్సన్ న్యాయవాది యయ్యెను. 1768లో కొండ శిఖరమును చదును చేయించుట కారంభించెను. 1770లో షాడ్వెల్ గృహము అగ్నికి ఆహుతి కాగా, ఆ సంవత్సరముననే కొండపై అప్పటికి ముగిసిన ఒంటిగది ఇటుక ఇంటిలోనికి మారెను. 1772 జనవరి 1వ తేదీన మార్తా వేల్స్ స్కెల్టన్ అను యువతీ వితంతువును పెండ్లాడి, ఆ ఒంటిగది ఇంటికే తీసికొని వచ్చెను.

మరుసటి యేడు మామగారు జాన్ వేల్స్ మరణించెను. ఈ మరణమే జెఫర్సన్ జీవితమున పెద్ద మలుపు. మామగారి ఆస్తిగా సుమారు 11,000 ఎకరములును, 135 మంది బానిసలును సంక్రమించిరి. దానితోడనే ఆంగ్ల వర్తకులకు మామగారు పడిన పెద్ద ఋణమును సంక్రమించెను. ఆ ఋణము తీర్చుటకై భూములనమ్మగా, యుద్ధకాలమున విలువ కోల్పోయిన కాగితపు ద్రవ్యము చేతికి వచ్చెను. ఋణము మాత్రము తీరలేదు. అప్పు అను ఈ పురుగు ఆనాటి నుండి చివరి వరకు ఆ ఎస్టేటును తొలుచుచునే యుండెను. వడ్డీ పెరిగినప్పుడెల్ల అమ్ముటకు సులభమైన ఆస్తి మనుష్యులే యని ఆ లెక్కల వలన తెలియును. 1784 మొదలు 1794 వరకు పదేండ్లలో అమ్మకముగను దానముగను జెఫర్సన్ చేతులు మారిన బానిసలు 160 మందికి పైబడిరి.

జాన్ వేల్స్ ఆస్తిలో వచ్చినవారిలో ఎలిజబెత్ హెమింగ్స్ అను స్త్రీయు, ఆమె సంతానమును ఉండిరి. ఆమె పిల్లలలో ఆరుగురికి తండ్రి వేల్స్ దొరయే. అనగా జెఫర్సన్ భార్యకు వారు సవతి తోబుట్టువులు. ఒకే తండ్రి కన్న కుమార్తెలలో ఒకతె యింటి యజమానురాలు, తక్కినవారు ఆ ఇంటి బానిసలు. ఆ కుమార్తెలలో కడపటిది 1773లో పుట్టిన శాలీ.

1776లో, ముప్పది మూడేండ్ల ప్రాయమున, ఫిలడెల్ఫియాలో జెఫర్సన్ స్వాతంత్ర్య ప్రకటనమును రచించెను. మనుష్యులెల్లరు సమానులుగా సృజింపబడిరను భావమును అంత సూటిగా రాజ్యాంగ వ్యవహారమున నిలిపిన ప్రకటన అంతకు పూర్వము అరుదు. అతని చిత్తుప్రతిలో బానిసల వ్యాపారమును నిందించు భాగమొకటి యుండగా, మహాసభవారు దానిని తొలగించిరి. 1784లో పడమటి క్రొత్త భూములలో బానిసత్వమును నిషేధింప వలెనని అతడు తెచ్చిన ప్రతిపాదన ఒకే ఒక్క ఓటు తక్కువై వీగిపోయెను. 1807లో అధ్యక్షుడుగా నున్నప్పుడు, విదేశముల నుండి బానిసలను దిగుమతి చేయుటను నిషేధించు చట్టముపై సంతకము చేసెను. అది 1808 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. ఇవన్నియు నిజములే. తన జీవితకాలమున అతడు 600 మందికి పైగా మనుష్యులను బానిసలుగా కలిగియుండుటయు, బ్రతికియుండగా వారిలో ఇద్దరిని మాత్రమే చట్టరీత్యా విడుదల చేయుటయు నిజమే. అతని భక్తులు మొదటి మాటలను, విమర్శకులు రెండవ మాటను చెప్పి ఊరకుండుట వాడుక. ఒకే మనిషి ఈ రెంటిని చేసెనను మాట వినుటకు కష్టముగా నుండుటయే దానికి కారణమేమో.

భార్య మార్తా 1782లో మరణించెను. ఆమె కన్న ఆరుగురు బిడ్డలలో ఇద్దరు కుమార్తెలు మాత్రమే పెద్దవారైరి. జెఫర్సన్ మరల వివాహము చేసికొనలేదు. 1784లో అమెరికా ప్రతినిధిగా ఫ్రాన్సు దేశమునకు వెడలి, అచ్చట అయిదేండ్లు గడపెను. శాలీ అన్న జేమ్స్ హెమింగ్స్ అతనితో వెళ్ళి పారిసు వంటవారికడ పాకశాస్త్రము నేర్చెను. 1787లో చిన్న కూతురునకు తోడుగా పదునాలుగేండ్ల శాలీ ఓడనెక్కి ఐరోపా చేరెను. ఆ సంవత్సరముననే జెఫర్సన్ ఆల్ప్సు పర్వతములు దాటి ఇటలీలోని వరిపొలములను చూచి, విత్తనములు దేశము దాటించుట నేరమైనను, కొంత వడ్లను జేబులలో దాచి తెచ్చెను. క్రొత్త విత్తనమన్న అతనికి అంత ప్రీతి.

ఫ్రాన్సు గడ్డపై బానిసలు న్యాయస్థానమునకెక్కి స్వేచ్ఛను పొందుటకు వీలుండెను. అన్నాచెల్లెండ్రు ఇరువురును తిరిగి వచ్చిరి. తనకు పుట్టబోవు బిడ్డలను ఇరువది యొక్క యేండ్లు నిండగనే విడుదల చేయుదునని మాట పుచ్చుకొని శాలీ తిరిగి వచ్చెనని, ఆమె కుమారుడు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహైయో రాష్ట్రపు పత్రికకు చెప్పెను. తన తండ్రి జెఫర్సనే యనియు అతడు స్పష్టముగా చెప్పెను. 1802లోనే పత్రికలలో ఈ సంగతి బయటపడగా, జెఫర్సన్ బహిరంగముగ ఔననలేదు, కాదనలేదు. జేమ్స్ మాత్రము తన తమ్ముడు పీటర్‌కు వంట నేర్పి, తన స్థానమున అతనిని నిలిపిన పిదప, 1796లో స్వేచ్ఛను పొందెను.

ఇక ఎస్టేటు సంగతి. మాంటిసెల్లో, షాడ్వెల్, టఫ్టన్, లేగో అను నాలుగు పొలములు కలిసి సుమారు 5,000 ఎకరములు. ఇది గాక, దూరమున బెడ్‌ఫర్డ్ ప్రాంతమున పాప్లర్ ఫారెస్ట్ అను పొగాకు తోట వేరుగ నుండెను. మొదట మాంటిసెల్లోలోను పొగాకే పంట. పొగాకు భూసారమును పీల్చివేయుటచేత 1790ల తరువాత గోధుమ ముఖ్యమయ్యెను. పొలమునకొక ఓవర్సీరు ఉండెడివాడు. ఉదయము మొదలు చీకటి పడువరకు పని. వారమునకింత మొక్కజొన్న పిండి, కొంచెము మాంసము, ఉప్పు చేప, యేటికి రెండుమారులు బట్టలు, మూడేండ్లకొక కంబళి. తోటల రేషను ఎట్టిదో తాతలవలన వినియున్న కుటుంబములకు ఈ లెక్క క్రొత్తది కాదు. ఆదివారములందు బానిసలు తమ చిన్న మడులలో కూరలు పండించి, కోళ్ళను పెంచి, గ్రుడ్లను కూరలను దొరగారింటికే అమ్ముకొనెడివారు. దొరగారి తోట వేయి అడుగుల పొడవుగలది. అచ్చట మూడు వందలకు పైగా కాయగూరల రకములను అతడు పెంచి చూచెను. ఆఫ్రికా నుండి వచ్చినవారితో ఆ దేశమునకు చేరిన బెండయు, నువ్వులును వాటిలో ఉండెను. నువ్వులనూనె ఆలివు నూనెకు సాటి యని జెఫర్సన్ సంతోషించి, దానిని తీయు యంత్రములను గూర్చి కూడ ఆలోచించెను.

ఇంటిప్రక్కన మల్బరీ చెట్ల వరుసలో పనివాండ్ర గుడిసెలును, కమ్మరి కొలిమియు, వడ్రంగి శాలయు, నేత యిల్లును ఉండెను. 1794లో అచ్చట మేకులు చేయు కొలిమిని పెట్టించెను. పదేండ్లు మొదలు పదునారేండ్ల వరకు వయస్సుగల బాలురు తెల్లవారినది మొదలు ఇనుప కడ్డీలను కాల్చి, కొట్టి, మేకులు చేయవలెను. ఎవనికెంత ఇనుము ఇచ్చినది, వాడెన్ని మేకులు చేసినది, ఎంత ఇనుము వృథా చేసినది జెఫర్సన్ తూచి వ్రాసికొనెడివాడు. ఆ వయస్సున బాలికలు నూలు వడకవలెను. పదేండ్లలోపు పిల్లలు పసిబిడ్డలను ఆడింపవలెను. పదునారేండ్లు వచ్చిన పిదప పొలమునకో, చేతిపనికో పోవలెను. ఇది అతడు స్వయముగా ఏర్పరచిన క్రమము.

ఈ వ్రాతలే నేడు అమూల్యములైనవి. 1774 నుండి ఇంచుమించు మరణపర్యంతము అతడు పొలపు లెక్కల పుస్తకమొకటి నడిపెను. అందు ప్రతి బానిస పేరు, పుట్టిన సంవత్సరము, తల్లి పేరు, ఏ పొలమున నుండినది, ఎన్ని గజముల గుడ్డ ఇచ్చినది అను వివరములు అతని సన్నని దస్తూరిలో నున్నవి. అవి ఆస్తి పట్టికలు. వ్రాసినవాని ఉద్దేశము వంశచరిత్ర కాదు. అయినను ఓడల పట్టికలలో తాతముత్తాతల పేర్లను, ఊర్లను వెదకుకొను తోటవారి సంతతి ఎట్లో, మాంటిసెల్లో బానిసల సంతతివారు అట్లే ఆ పుస్తకమున తమ పేర్లను వెదకుకొనిరి.

అందు కానవచ్చు పేర్లలో జోసెఫ్ ఫాసెట్ ఒకటి. ఎలిజబెత్ హెమింగ్స్‌కు మనుమడు. మేకుల కొలిమిలో బాలుడుగా ప్రవేశించి, పిదప ఎస్టేటు కమ్మరులకు పెద్ద యయ్యెను. ఇతని భార్య ఈడిత్. 1801లో జెఫర్సన్ అధ్యక్షుడై వాషింగ్టన్ చేరిన పిదప, 1802లో పదునైదేండ్ల ఈడిత్‌ను వంట నేర్చుకొనుటకై ఆ రాజధానికి రప్పించిరి. ఆమె 1809 వరకు అక్కడనే యుండెను. 1806 వేసవిలో జోసెఫ్ ఎవరికిని చెప్పక మాంటిసెల్లో వదలి వాషింగ్టనునకు పోయెను. ఇంతకు పూర్వమెన్నడు నేరమెరుగని ఈ కమ్మరి ఎందుకు పారిపోయెనో మొదట జెఫర్సనునకు బోధపడలేదు. ఈడిత్‌ను చూచి అధ్యక్షభవనము నుండి తిరిగి వెళ్ళుచుండగా అతనిని పట్టుకొని చెరసాలలో పెట్టి, పిదప మాంటిసెల్లోకు పంపివేసిరి.

1796లో ప్రారంభమైన ఇంటి పునర్నిర్మాణము జెఫర్సన్ పదవిని వదలి వచ్చిన 1809 నాటికి ముగిసెను. ఎలిజబెత్ కుమారుడు జాన్ హెమింగ్స్ తలుపులు, కిటికీలు, బల్లలు, కుర్చీలు చేసిన నేర్పరి. ఈడిత్ ఫ్రెంచి వంటలను వండుచుండగా, దేశమెల్లెడల నుండి అతిథులు వచ్చి నెలల తరబడి నిలిచిరి. ఆదాయము చాలలేదు. 1815లో తన గ్రంథాలయమందలి 6,487 గ్రంథములను 23,950 డాలర్లకు ప్రభుత్వమునకమ్మెను. అవియే నేటి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు పునాది. 1819లో ఆర్థిక సంక్షోభము రాగా, మిత్రునికై హామీ పడిన 20,000 డాలర్ల బాకీ కూడ అతని నెత్తిపై పడెను. ఆ సంవత్సరముననే అతడు కోరిన వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చట్టము ద్వారా స్థాపనయు జరిగెను. ఆ భవనముల నమూనాలు గీచినవాడు అతడే.

1826 జూలై 4వ తేదీన, స్వాతంత్ర్య ప్రకటనమునకు సరిగా ఏబదేండ్లు నిండిన దినమున, జెఫర్సన్ తన గృహమున కన్నుమూసెను. అదే దినమున రెండవ అధ్యక్షుడగు జాన్ ఆడమ్స్ కూడ మరణించుట ఒక వింత. శవపేటికను జాన్ హెమింగ్స్ చేసెను. సమాధిని తోటమాలి వర్మ్‌లీ హ్యూస్ త్రవ్వెను. తన సమాధిపై ఏమి వ్రాయవలెనో జెఫర్సన్ ముందే నిర్ణయించెను: స్వాతంత్ర్య ప్రకటనము, వర్జీనియా మతస్వేచ్ఛా శాసనము, వర్జీనియా విశ్వవిద్యాలయము. అధ్యక్ష పదవిని అతడు లెక్కింపలేదు.

మరణశాసనమున అయిదుగురు బానిసలకు స్వేచ్ఛ నిచ్చెను. వారు జాన్ హెమింగ్స్, బర్వెల్ కోల్బర్ట్, జోసెఫ్ ఫాసెట్, శాలీ కుమారులగు మాడిసన్, ఎస్టన్. శాలీ మిగిలిన ఇద్దరు బిడ్డలు బెవర్లీ, హారియట్ 1822లోనే ఎస్టేటు వదలి పోగా, వారిని ఎవరును వెదకింపలేదు. శాలీ పేరు మాత్రము మరణశాసనమున లేదు. జెఫర్సన్ కుమార్తె ఆమెను పోనిచ్చెను. ఆమె షార్లట్స్‌విల్‌లో కుమారులతో జీవించి 1835లో మరణించెను.

విడిచిపోయిన ఋణము 1,07,000 డాలర్లకు పైచిలుకు. 1827 జనవరిలో ఆ కొండపైననే వేలము జరిగెను. గృహోపకరణములు, పశువులు, ధాన్యముతోపాటు 130 మంది మనుష్యులను అమ్మకమునకు పెట్టిరి. స్వేచ్ఛ పొందవలసిన జోసెఫ్ కన్నులయెదుటనే ఈడిత్‌ను, బిడ్డలను వేర్వేరు కొనుగోలుదారులకు వేలము వేసిరి. అతని స్వేచ్ఛ అమలులోనికి వచ్చినది ఆ తరువాత, 1827 జూలైలో. కొలిమిపని చేసి, బంధువుల సాయముతో అతడు భార్యను, అయిదుగురు బిడ్డలను, మనుమలలో కొందరిని కొనుగోలు చేసి, 1837లో వారికి విముక్తి పత్రము వ్రాసి యిచ్చెను. తన భార్యాబిడ్డలను తానే డబ్బిచ్చి కొనవలసి వచ్చిన తండ్రి అతడు.

కొనలేకపోయిన బిడ్డ పీటర్ ఫాసెట్. వేలము నాటికి పదకొండేండ్లు. కొన్న యజమాని అతనిని తిరిగి తండ్రికి అమ్ముటకు ఒప్పుకొనలేదు. పుస్తకము చేతబట్టుట నిషిద్ధమైనను పీటర్ రహస్యముగా చదువు సాధించి, తోడివారికి నేర్పెను. తన అక్కకు అనుమతి పత్రమును తానే సృష్టించి యివ్వగా ఆమె ఉత్తర రాష్ట్రములకు తప్పించుకొని పోయెను. తాను రెండుమారులు పారిపోయి పట్టుబడెను. 1850లో మరల వేలమునకు పెట్టినప్పుడు బంధుమిత్రులు డబ్బు కూర్చి విడిపించిరి. ఒహైయోలోని సిన్సినాటీ నగరమున అప్పటికే చేరియున్న తల్లిదండ్రుల కుటుంబమును కలిసికొని, విందులు సరఫరా చేయు వ్యాపారము నడిపి, బాప్టిస్టు ప్రచారకుడై, పారిపోయి వచ్చు బానిసలకు ఆశ్రయమిచ్చెను. 1900లో, తనను అమ్మిన డెబ్బది మూడేండ్ల పిదప, వృద్ధుడై మాంటిసెల్లోకు వచ్చి ముందు వాకిలి గుండ లోనికి ప్రవేశించెను. మరుసటి యేడు మరణించెను.

గృహము సంగతి క్లుప్తముగ. జెఫర్సన్ వారసులు 1831లో దానిని అమ్మివేసిరి. 1834లో యూదు మతస్థుడగు నౌకాదళాధికారి ఉరయా లెవీ దానిని కొనెను. మతస్వేచ్ఛా శాసనమును రచించినవానిపై అతనికి గల గౌరవమే అందుకు కారణము. శిథిలమగుచున్న గృహమును ఆ లెవీ కుటుంబము నిలిపెను. 1923లో జెఫర్సన్ స్మారక సంస్థ 5,00,000 డాలర్లకు దానిని కొని ప్రజలకు తెరచెను. 1987లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించిరి.

మాడిసన్ హెమింగ్స్ చెప్పిన మాటను చరిత్రకారులలో అనేకులు నూరేండ్లకు పైగా నమ్మలేదు. ఆ కుటుంబములు మాత్రము దానిని తల్లి నుండి బిడ్డకు చెప్పుకొనుచునే వచ్చినవి. 1993 నుండి స్మారక సంస్థవారు బానిసల సంతతి వారిండ్లకు వెళ్ళి ఆ కథలను సేకరింపసాగిరి. 1998లో రక్తపరీక్షల వలన ఎస్టన్ సంతతికి జెఫర్సన్ పురుష వంశముతో సంబంధము తేలెను. 2000లో సంస్థవారు శాలీ బిడ్డలకు జెఫర్సనే తండ్రియై యుండుట మిక్కిలి సంభావ్యమని తీర్మానించిరి. అయినను కొండపై జెఫర్సన్ పాతిపెట్టబడిన కుటుంబ శ్మశానము అతని కుమార్తెల సంతతివారి సంఘము క్రిందనున్నది. హెమింగ్స్ సంతతివారిని సభ్యులుగా చేర్చుకొనుటకు ఆ సంఘము 2002లో అంగీకరింపలేదు. 2018లో గృహపు దక్షిణ భాగమునగల ఒక గదిలో శాలీ జీవితమును గూర్చిన ప్రదర్శన తెరవబడెను. ఆమె రూపమును తెలుపు చిత్తరువేదియు లేనందున అందు ఆమె ఛాయమాత్రమే చూపుదురు.

బానిసలను పాతిపెట్టిన స్థలము వేరు. సందర్శకుల వాహనములు నిలుపు తావుకు ప్రక్కన, చెట్ల నడుమ, 2001లో అది నిర్ధారింపబడెను. 40కి పైగా సమాధులు కలవు. చుట్టును కంచె వేయబడినది.